రాశి మీద ముద్ర

బళ్ళారి దాటి సంగనకల్లు వైపు పోతే ముందు కనిపించేవి గుండ్రాళ్ళ గుట్టలు. కన్నడంలో గుడ్డ అంటే మన గుట్టే. హిరేగుడ్డ అంటే పెద్దగుట్ట. ఆ గుట్ట మీదుగా నల్లటి డోలరైటు రాతి పట్టీ ఒకటి సాగుతుంది. కొత్త రాతియుగం మనుషులు దాన్ని పగలగొట్టి గొడ్డళ్ళు చేసుకున్నారు. క్రీ.పూ. 1400–1200 ప్రాంతానికి ఆ పని ఇంటి అవసరం దాటి, ఒక కార్ఖానా స్థాయికి పెరిగింది. సానబట్టిన చోట బండ మీద గాళ్ళు పడ్డాయి. చెక్కుతుంటే రాలిన పెచ్చులు, మధ్యలో విరిగితే పారేసిన ముక్కలు గుట్టలుగా మిగిలాయి. తయారైన గొడ్డళ్ళు వాడేవాళ్ళతో వెళ్ళిపోయాయి. గొడ్డలి ఎలా చేసేవారో, ఎక్కడ దెబ్బ తప్పేదో పురావస్తు శాస్త్రజ్ఞులు చదివింది ఎక్కువగా ఆ పెచ్చుల్లోనే.

ప్రయోగశాలలో రోజువారీ రాసుకునే పుస్తకం చేసే పని కూడా ఇదే. పత్రికలో అచ్చయ్యే పేపరు నున్నగా సానబట్టిన గొడ్డలి అయితే, పెచ్చులన్నీ ల్యాబు పుస్తకంలో ఉంటాయి. చెడిపోయిన ప్రయోగం, తప్పిన కొలత, సగంలో వదిలేసిన ఊహ అన్నీ అందులోనే. ఆ పుస్తకం ఇప్పుడు కాగితం వదిలి కంప్యూటరులోకి వెళ్ళింది. అందులోని మేధో సంపత్తిని కాపాడటం ఎలా అన్న చర్చ నాకు తెలిసినంతలో ఎప్పుడూ తాళాల దగ్గరే మొదలవుతుంది. పాస్‌వర్డులు, ఎన్‌క్రిప్షన్, ఎవరికి ఏ పేజీ కనిపించాలన్న అనుమతులు. అవన్నీ కావలసినవే. కానీ దొంగ వల్ల పోయిన హక్కుల కంటే, రుజువు లేక పోయిన హక్కులే ఎక్కువని నా అభిప్రాయం.

మా వైపు పెద్దవాళ్ళు కళ్ళంలో గింజలు తూర్పారబట్టి రాశి పోశాక, కొలిచి పంచేదాకా దాని మీద బూడిదతోనో తడిమట్టితోనో ముద్ర వేసేవారు. ఆ ముద్ర దొంగను ఆపదు. బూడిద గీతకు ఎవరు భయపడతారు? కానీ ఎవరైనా ఒక్క దోసెడు తీసినా గింజలు జారి ముద్ర చెదురుతుంది, తెల్లారేసరికి సంగతి తెలిసిపోతుంది. ఎలక్ట్రానిక్ పుస్తకం విషయంలో చట్టం అడిగేది ముఖ్యంగా ఇలాంటి ముద్రనే.

ముందు చట్టం సంగతి. పేటెంటు ఎవరికి దక్కాలన్న ప్రశ్నకు అమెరికా చాలాకాలం ఒక ప్రత్యేకమైన జవాబు చెప్పింది: ముందు కనిపెట్టినవాడికి. అందుకే అక్కడ ల్యాబు పుస్తకానికి అంత మర్యాద. పేజీలు కుట్టి ఉండాలి, ఖాళీ వదలకూడదు, కొట్టివేత కింద అసలు మాట చదవగలిగేలా ఉండాలి, పక్కన సాక్షి సంతకం పెట్టాలి. గోర్డన్ గూల్డ్ కథ ఆ కాలానిదే. లేజర్ ఆలోచనను ఆయన నోటుబుక్కులో రాసుకుని, 1957 నవంబర్ 13న న్యూయార్కులో ఒక మిఠాయి కొట్టుకు వెళ్ళి, నోటరీ అధికారం ఉన్న ఆ కొట్టు యజమాని చేత పేజీల మీద సంతకం, తేదీ వేయించుకున్నాడు. అయితే యంత్రం తయారుచేసి చూపించేదాకా దరఖాస్తు చేయకూడదని పొరబడి, 1959 ఏప్రిల్ దాకా ఆగాడు. ఈలోగా 1958లోనే టౌన్స్, షాలో అనే శాస్త్రజ్ఞులు దరఖాస్తు పెట్టేశారు. మొదటి తగవులో గూల్డ్ ఓడిపోయాడు. దాదాపు 30 ఏళ్ళు పోరాడి, 1977 నుంచి లేజరుకు సంబంధించిన వేరే అంశాల మీద పేటెంట్లు సంపాదించాడు. పుస్తకం ఆయన పేరును నిలబెట్టింది. మొదటి పేటెంటును మాత్రం దక్కించలేకపోయింది.

2013 మార్చి 16 నుంచి అమెరికా కూడా ముందు దరఖాస్తు చేసినవాడిదే హక్కు అన్న పద్ధతికి వచ్చేసింది. మన దేశంలో ఎప్పటినుంచో అదే పద్ధతి. దాంతో మన పరిశోధకుల్లో చాలామందికి ఒక నిశ్చింత: తేదీల పందెం లేనప్పుడు ఈ పుస్తకం ఎందుకు? ఇది పొరపాటు. మన పేటెంట్ల చట్టం (1970) 6వ సెక్షన్ దరఖాస్తు హక్కును నిజమైన, తొలి ఆవిష్కర్తకో, అతని నుంచి హక్కు పొందినవారికో ఇస్తుంది. నా పని ఎత్తుకుపోయి దరఖాస్తు పెట్టారని 25వ సెక్షన్ కింద అభ్యంతరం చెప్పవచ్చు, 64వ సెక్షన్ కింద పేటెంటును రద్దు చేయమనీ అడగవచ్చు. చెప్పడం తేలికే. ఆ పని నాదని, ఫలానా రోజుకే నా దగ్గర ఉందని చూపించడానికి పుస్తకం తప్ప వేరే సాక్షి ఎవరు?

పేటెంటు దాకా పోని తగవులు ఇంకా ఎక్కువ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో ఉండగా తన పైవాడు ఫిస్కేతో కలిసి చేసిన ఫాస్ఫరస్ పరీక్ష ఈనాటికీ ఇద్దరి పేరుతోనే నడుస్తోంది. కానీ సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఫిస్కే వెలుగు చూడనివ్వలేదని, వాటిని చాలా ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందని ఆ కాలాన్ని ఎరిగిన జార్జ్ హిచింగ్స్ చెప్పాడు. 1988లో నోబెల్ అందుకున్న హిచింగ్సే ఆయన. అచ్చు కాని పని పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం బీరువా తాళంచెవి పైవాడి దగ్గర ఉంటుంది. కాగితం రోజుల్లోనూ ఇదే బాధ, సర్వరు రోజుల్లోనూ ఇదే.

ఇక ముద్ర వేసే పద్ధతి. ఎలక్ట్రానిక్ పేజీని ఒక గణిత సూత్రంలో వేస్తే, ఎంత పెద్ద ఫైలైనా ఒక నిర్ణీత పొడవు అంకెల వరుసగా మారుతుంది. దీన్నే హ్యాష్ అంటున్నారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది షా-256. ఫైలులో ఒక్క కామా మారినా ఆ వరుస మొత్తం మారిపోతుంది. వరుసను చూసి ఫైలులో ఏముందో చెప్పలేం. అంటే రహస్యం బయట పెట్టకుండానే, ఆ రహస్యం ఈ రోజుకు ఈ రూపంలో ఉందని చెప్పే గుర్తు దొరికింది. రాశిలో ఎన్ని బస్తాలున్నాయో ఊరికి చెప్పకుండా ముద్ర వేయడం లాంటిది.

అయితే ముద్రబద్ద ఎవరి చేతిలో ఉంది అన్నదే కిటుకు. గింజలున్న ఆసామి చేతిలోనే ముద్రబద్ద కూడా ఉంటే, రాత్రి రెండు బస్తాలు తీసేసి మళ్ళీ ముద్ర వేసుకోగలడు. సంస్థ సర్వరులోనే పుట్టి, ఆ సంస్థ గడియారమే వేసిన తేదీకి కోర్టులో ఉండే బలం కూడా అంతే. హేబర్, స్టోర్నెట్టా అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు 1991లో దీనికి ఒక పరిష్కారం రాశారు: ఒకదాని ముద్రలో ఇంకొకదాన్ని కలుపుతూ గొలుసులా పేర్చి, ఆ గొలుసు కొసను నలుగురి కళ్ళ ముందు పెట్టడం. ఆ పద్ధతిని వ్యాపారంగా మార్చిన కంపెనీ 1995 నుంచి వారానికోసారి ఆ అంకెల వరుసను న్యూయార్క్ టైమ్స్ పత్రికలో చిన్న ప్రకటనగా వేయించింది. పేపరు లక్షల ఇళ్ళకు చేరాక, దాన్ని వెనక్కి తెచ్చి దిద్దడం ఎవరి తరం? బ్లాక్‌చెయిన్ అని ఇప్పుడు ఊదరగొట్టేవాళ్ళకు ఈ చిన్న ప్రకటన ముత్తాత.

ఇప్పుడు ప్రకటనల దాకా పోనక్కరలేదు. బయటి సంస్థ ఒకటి హ్యాష్ మీద సమయం వేసి సంతకం పెట్టి ఇచ్చే పద్ధతికి 2001 నుంచి ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మన దగ్గర 2000 నాటి ఐటీ చట్టం కింద లైసెన్సు పొందిన సర్టిఫైయింగ్ సంస్థలు ఈ టైమ్‌స్టాంపు సేవ ఇస్తున్నాయి. పారిస్‌లోని క్యూరీ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టిన ఈల్యాబ్‌ఎఫ్‌టీడబ్ల్యూ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరులోనూ ఈ వసతి ఉంది. లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేరులో ఉండి కూడా ఆ మీట ఎవరూ నొక్కకపోతే లాభం లేదు. ఏ సాఫ్ట్‌వేరు మంచిదని నన్ను అడిగేవాళ్ళకు నా ఎదురు ప్రశ్న ఒక్కటే: మీ ముద్రబద్ద ఎవరి దగ్గర ఉంది?

కోర్టు వైపు నుంచి చూస్తే మన చట్టం ఈ విషయంలో వెనకబడి లేదు. ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులో చెప్పింది, 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో మళ్ళీ గట్టిగా చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ఇంకో అడుగు వేసింది. సర్టిఫికెట్‌కు రెండు భాగాలు: ఒకటి రికార్డు సమర్పించేవారు నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి. హ్యాష్ విలువ, అది ఏ పద్ధతిలో తీశారన్నది ఆ నమూనాలోనే అడిగారు. నిన్నటిదాకా కంప్యూటరు వాళ్ళ మాటగా ఉన్న హ్యాష్ ఇప్పుడు మన సాక్ష్య చట్టం నమూనా కాగితంలో గడి అయింది. పదేళ్ళ తర్వాత తగవు వచ్చినప్పుడు ఆ గడి నింపాలంటే, పుస్తకం రాసిన రోజునే హ్యాష్ తీసి ఉంచుకోవాలి. తగవు రోజున తీసిన హ్యాష్ ఆ రోజుకు ఫైలు ఎలా ఉందో మాత్రమే చెబుతుంది.

హైదరాబాద్ మందుల కంపెనీల వాళ్ళకు ఈ పాఠం వేరే బడిలో వచ్చింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 1997లో ఎలక్ట్రానిక్ రికార్డులకు పార్ట్ 11 అనే నియమావళి తెచ్చింది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారు అన్న జాడ చెరిపేయడానికి వీల్లేకుండా ఉండాలి. వాళ్ళ భాషలో ఆడిట్ ట్రయల్. దాన్ని ఆపేసి పరీక్ష చేయడం, నచ్చని ఫలితం తీసేసి మళ్ళీ నడపడం, పాత తేదీ వేయడం తనిఖీల్లో పట్టుబడే తప్పులు. తయారీలో అవకతవకలు, అబద్ధపు రికార్డుల వ్యవహారంలో రాన్‌బాక్సీ అమెరికా విభాగం 2013లో నేరం ఒప్పుకుంది, చెల్లించాల్సి వచ్చింది 50 కోట్ల డాలర్లు. దాంతో తయారీ విభాగంలో క్రమశిక్షణ వచ్చింది. అదే హైదరాబాదులో విశ్వవిద్యాలయ ల్యాబుల్లో ఇంకా స్పైరల్ నోటుబుక్కు, పెన్‌డ్రైవు, వాట్సాప్‌లో పంపుకున్న ఫొటోలే రికార్డు. తనిఖీకి వచ్చేవాడు లేకపోవడమే ఆ తేడా.

ఇక పుస్తకం ఎవరిది అన్న ప్రశ్న. దీని దగ్గర మన చట్టాలు ఒకే పేజీని రెండు ముక్కలు చేస్తాయి. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసినదాని మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు యజమానిది. ఆ రాతలో ఉన్న ఆవిష్కరణ విషయంలో పేటెంట్ల చట్టంలో అలాంటి వాక్యం లేదు. అది ఒప్పందం మీద ఆధారపడుతుంది. అక్షరాలు సంస్థవి, ఆలోచన ఇంకా మనిషిది కావచ్చు. ఫెలోషిప్ మీద పనిచేసే పీహెచ్‌డీ విద్యార్థి అసలు ఉద్యోగేనా అన్న చిక్కు మళ్ళీ వేరు. పుస్తకంలోని వట్టి కొలతల మీద, వాస్తవాల మీద కాపీరైటు ఎవరికీ రాదు, వాటిని ఏర్చి కూర్చిన తీరుకే ఏమైనా రక్షణ. వ్యాపార రహస్యాలకు మన దగ్గర విడి చట్టం లేదు, ఒప్పందాలే దిక్కు. లా కమిషన్ 2024 మార్చిలో ఇచ్చిన 289వ నివేదికలో ముసాయిదా బిల్లు ఒకటి జతచేసింది.

నాకు తెలిసిన ఒక అమ్మాయి పేరున్న ల్యాబులో నాలుగేళ్ళు పనిచేసి ఇంకో ఊరికి వెళ్ళింది. వెళ్ళిన వారానికి ఆమె ఖాతా మూసేశారు. నియమం ప్రకారం సరైనదే. ఏడాది తర్వాత ఆమె పనితో ఒక దరఖాస్తు వెళ్ళింది, ఆవిష్కర్తల జాబితాలో ఆమె పేరు లేదు. తన పేజీలు తనకే కనిపించవు. తను అక్కడ పనిచేసినట్టు ఆమె దగ్గర మిగిలింది ఒక ఐడీ కార్డు, కాంటీన్ కూపన్లు. ఎవరూ ఏదీ దొంగిలించలేదు, సాఫ్ట్‌వేరు చెప్పినట్టే పనిచేసింది. చేరినరోజు సంతకం చేసిన కాగితంలో, వెళ్ళేటప్పుడు తన పుస్తకం నకలు ముద్రతో సహా తీసుకుపోవచ్చు అన్న ఒక్క వాక్యం ఉంటే చాలేది. ఆంధ్రలో 1984లో కరణాల పదవులు రద్దయినప్పుడు చిట్టాలు, అడంగళ్ళు ఎవరింట్లో ఉన్నాయో వెతుక్కున్న ఊళ్ళు గుర్తున్నవాళ్ళకు ఈ బాధ కొత్తగా అనిపించదు. అప్పుడు వెళ్ళిపోయినవాడి దగ్గర రికార్డు ఉండిపోయింది, ఇప్పుడు వెళ్ళిపోయినవాడికి రికార్డు లేకుండా పోయింది.

రహస్యం విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దీని మీద రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. దరఖాస్తుకు ముందు బయట పడ్డ ఆవిష్కరణ కొత్తది కాకుండా పోతుంది. విద్వత్సభలో పేపరు చదివితే 12 నెలల వెసులుబాటు మన 31వ సెక్షన్ ఇస్తుంది, యూరప్ ఇవ్వదు. ఇక్కడ నివసించేవాళ్ళు ముందు ఇక్కడ దరఖాస్తు పెట్టి ఆరు వారాలు ఆగాలి, లేదా అనుమతి తీసుకోవాలి, అప్పుడే విదేశంలో పెట్టాలని 39వ సెక్షన్ చెబుతుంది. విదేశీ బృందంతో కలిసి ఒకే ఎలక్ట్రానిక్ పుస్తకంలో రాసేవాళ్ళు, ఏ వాక్యం ఎవరు ఎక్కడ ఉండి రాశారో తెలిసేలా ఉంచుకోవడం దీనికోసమే. పేజీలను కృత్రిమ మేధ చాట్ పెట్టెలో అతికించి ఇంగ్లీషు దిద్దించుకునే అలవాటు ఇప్పుడు కొత్తగా వచ్చింది. ఆ కంపెనీ షరతులు చదవకుండా ఆ పని చేసేవాడు, ముద్ర వేసిన రాశిని రోడ్డు మీద ఎండబోసినట్టే.

మళ్ళీ సంగనకల్లుకు వస్తాను, అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది. ఈ గుట్టల కథ మొత్తం ఒకరి పుస్తకం మీద ఇంకొకరి పుస్తకం. 1870లలో భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ ప్రాంతంలో తిరిగి రాతి పనిముట్లు ఏరాడు. ఆయన సేకరణ వివరమైన జాబితా 1914లో, ఆయన పోయాక, అచ్చయింది. పక్కనున్న కప్పగల్లు గుట్ట మీది రాతి చెక్కడాలు 1892లో వెలుగులోకి వచ్చాయి, తర్వాత చాలాకాలం పరిశోధకులకు అందలేదు. మన బెండపూడి సుబ్బారావు ఇక్కడ తవ్వి, బళ్ళారి రాతియుగ సంస్కృతుల మీద 1948లో పుస్తకం తెచ్చారు. 1964–65లో అన్సారీ, నాగరాజరావు మళ్ళీ తవ్వారు. ఆ తర్వాత ధార్వాడ నుంచి రవి కోరిశెట్టర్, ఇంగ్లండు నుంచి నికోల్ బోయివిన్, డోరియన్ ఫుల్లర్ బృందం వచ్చింది. కొడితే గంటలా మోగే రాళ్ళ గురించి, వాటి మీద ఆనాటివాళ్ళు కొట్టిన గుంటల గురించి బోయివిన్ 2004లో ఆంటిక్విటీ పత్రికలో రాసింది. ఎక్కడ తవ్వారు, ఏ పొరలో ఏది దొరికింది అన్న చిట్టా లేకపోతే తర్వాత వచ్చేవాడికి ఆ గొయ్యి వట్టి గొయ్యే. తవ్వకం ఒకసారే చేయగలం. రసాయన ప్రయోగాన్ని మళ్ళీ చేయవచ్చు, తవ్వేసిన పొరను మళ్ళీ పేర్చలేం.

ఇక్కడ తాళం వేయడం మంచిదా, తీయడం మంచిదా? చెక్కడాలున్న బండ జాడ అక్షాంశ రేఖాంశాలతో సహా బయట పెడితే, పేర్లు చెక్కేవాళ్ళు, దోచుకునేవాళ్ళు వస్తారు. పెట్టకపోతే, అక్కడ ఏమీ లేదనుకుని క్వారీవాడు పేలుస్తాడు. ఈ గుట్టలకు గ్రానైటు క్వారీ బెడద పుస్తకాల్లో చదివిన సంగతి కాదు, కంటికి కనిపించేదే. నా ఓటు తెరవడానికే. పూర్తి కొలతలు అధికారుల దగ్గర, స్థూలంగా జాడ అందరి దగ్గర ఉంచే పుస్తకం కావాలి. ఎలక్ట్రానిక్ పుస్తకాల్లో ఒకే పేజీని ఒక్కొక్కరికి ఒక్కో మేరకు చూపించే వసతి ఉంది. ల్యాబుల్లో దాన్ని దాచడానికి వాడతారు, ఇక్కడ కాపాడటానికి వాడవచ్చు.

ఇంకో సంగతి ఉంది, ఇది తాళాల చర్చల్లో అసలు రాదు. ఫుల్లర్ ఈ ప్రాంతపు బూడిదలోంచి, మట్టిలోంచి గింజలు జల్లించి, దక్షిణాది తొలి రైతుల పంటల పట్టీ తయారుచేశాడు: ఉలవలు, పెసలు, అండుకొర్రలు. బళ్ళారి, అనంతపురం పల్లెల్లో ఉలవచారు తాగేవాళ్ళకు ఇది ఇంటి సంగతి. రేపు ఏదో ల్యాబు ఇక్కడి ఉలవ రకం ఒకదానిలోంచి ఒక మందు తీసిందనుకుందాం. పేటెంట్ల చట్టం 10వ సెక్షన్ ఆ గింజ ఎక్కడిదో చెప్పమంటుంది. చెప్పకపోయినా, తప్పు చెప్పినా 25వ సెక్షన్ కింద అభ్యంతరానికి అదొక కారణం. 2002 నాటి జీవవైవిధ్య చట్టం జాతీయ జీవవైవిధ్య సంస్థ గడప తొక్కమంటుంది. ఇవన్నీ నిలబడేది పుస్తకంలో మొదటి రోజు రాసిన ఒక వరుస మీద: ఏ ఊరు, ఎవరి చేను, ఎవరు చెప్పారు.

పసుపు కథలో ఇది తేలిపోయింది. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి అమెరికా పేటెంటు ఇచ్చింది. సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, 1953 నాటి వైద్య పత్రిక వ్యాసం లాంటి 32 ఆధారాలు చూపి 1997లో రద్దు చేయించింది. ప్రతి వంటింట్లోనూ ఉన్న సంగతికి అచ్చులో ఉన్న సాక్ష్యం వెతకాల్సి వచ్చింది. అవ్వ చెప్పిన మాటకు తేదీ ఉండదు, సాక్షి సంతకం ఉండదు.

చెప్పినవాడి పేరు పోవడం ఈ నేల మీద కొత్త కాదు. బళ్ళారి, కడప, అనంతపురం, కర్నూలు కలిసి దత్తమండలంగా ఉన్న రోజుల్లో ఊరూరా కైఫీయత్తులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించినవాడు సర్వేయరు కల్నల్ మెకంజీ. ఆ ఊళ్ళు తిరిగి, కరణాలతో మాట్లాడి, శాసనాలు చదివి రాసిపెట్టినవాళ్ళు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లాంటి మనవాళ్ళు. మెకంజీ 1821లో పోయాక ఆ సేకరణను ఈస్టిండియా కంపెనీ ఆయన భార్య దగ్గర కొన్నది. ఆ పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే, కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శి ప్రిన్సెప్ ఒప్పుకోలేదు. ఇప్పటికీ గ్రంథాలయ జాబితాలో ఆ కాగితాల పేరు మెకంజీ సేకరణే.

కప్పగల్లు గుట్ట మీద మోగే రాళ్ళను పరిశోధకులకు చూపించింది అక్కడి మనుషులు. ఎలక్ట్రానిక్ పుస్తకంలో కొత్త పేజీ తెరిస్తే ప్రయోగం పేరు, తేదీ, రచయిత, సాక్షి అని నాలుగు గడులు వస్తాయి. చెప్పినవారు అన్న గడి నేను చూసినవాటిలో ఎక్కడా లేదు. దాన్ని కలుపుకోవడానికి సాఫ్ట్‌వేరు ఒప్పుకుంటుంది, రెండు నిమిషాల పని.